గడియారానికి ఎదురుగా గుంట

మొన్న గ్రూపులో మా అక్క ఇంటి ఫొటో పెట్టానా, అప్పట్నుంచీ ఒకటే మెసేజీలు. "మేస్త్రీ, గడియారం బాగానే ఉంది గానీ ఎదురుగోడకి ఆ గుండ్రటి గుంటేంటి?" అని. ఒకాయనైతే "ముప్పై ఏళ్ల అనుభవం అంటావు, ప్లాస్టరు అంత దారుణంగా ఊడిందేంటయ్యా" అన్నాడు. ఊడలేదు స్వామీ. నా చేత్తో నేనే తవ్వాను. ఆ అంచు చూడండి, పళ్లెం పెట్టి గీసినట్టు లేదూ? ఆ గుంట లేకపోతే ఇవాళ మా అక్కకి ఇల్లే లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా టైపు చెయ్యాలంటే నా వేళ్లు అరిగిపోతాయి, అందుకని అందరికీ ఒక్కసారే చెప్తున్నా. కాస్త పొడుగే. టీ పెట్టుకుని కూర్చోండి.

గోడ కట్టేవాడు వేరు, రంగు వేసేవాడు వేరు. మధ్యలో గోడకి చర్మం తొడిగేది నేను. మా అక్క ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. మా బావ బస్సు డ్రైవరు. పెళ్లయి ముప్పై ఒక్కేళ్లు, మారింది పదకొండు అద్దె ఇళ్లు. వాళ్ల పెళ్లికి బావ డిపోలో వాళ్లంతా కలిసి ఒక గోడ గడియారం ఇచ్చారు. గుండ్రంగా ఉంటుంది, చెక్క చట్రం, అంగుళంన్నర మందం.

ఆ గోడ గడియారం ముప్పై ఒక్కేళ్లలో ఒక్కరోజు కూడా గోడెక్కలేదండీ.

ఎందుకంటే ఏ ఓనరైనా తాళంచెవి చేతిలో పెట్టేముందు చెప్పే మొదటి మాట "గోడలకి మేకులు కొట్టకూడదు." అక్క ప్రతి ఇంట్లోనూ అడిగేది. "ఒక్క మేకండీ, చిన్నది." "వద్దమ్మా." ఒక ఓనరైతే వీళ్లు ఖాళీ చేసేటప్పుడు టార్చిలైటు పట్టుకొచ్చి గోడలన్నీ వెతికి, వీళ్లకంటే ముందున్నవాళ్లు కొట్టిన కన్నాలకి కూడా అడ్వాన్సులో కోసుకున్నాడు.

దాంతో గడియారం ఎప్పుడూ బీరువా మీద గోడకి ఆనుకుని ఉండేది. అది కూడా తిన్నగా నిలబడదు. కాస్త పక్కకి దొర్లి, పన్నెండు ఉండాల్సిన చోటికి ఒకటి వచ్చి ఆగేది. అంకెలు ఎప్పుడో వెలిసిపోయాయి. కాబట్టి ముళ్లు చూసి, దానికి గంటా ఐదు నిమిషాలు కలుపుకుంటే అసలు టైం. మా బావ మెడ ఎడమవైపుకి వంచి చూసి టకీమని చెప్పేసేవాడు. అలా చూసే ముప్పై ఒక్కేళ్లు ఒక్కసారి కూడా లేటు కాకుండా బస్సు తీశాడు.

అలాంటి వాళ్లకి ప్రభుత్వ పథకం ఒకటి తెలిసింది. మొదటిసారి ఇల్లు కొనుక్కునేవాళ్లకి బ్యాంకు వడ్డీలో సగం ప్రభుత్వమే కడుతుందట. ఒకటే షరతు. ఇంటి లోపలి కొలత ఆరు వందల చదరపు అడుగులు మించకూడదు.

పథకం ప్రకటించిన వారానికే బిల్డరు ఫ్లాటు రేటు పెంచేశాడు. ఎంత పెంచాడు? ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ మొత్తం ఎంతో సరిగ్గా అంత. మా బావ ఉండబట్టలేక అడిగేశాడు.

"మరి సబ్సిడీ వల్ల మాకేం ఒరిగింది సార్?"

"సబ్సిడీ లేకపోతే ఈ రేటుకి మీరు కొనగలరా?" అన్నాడు బిల్డరు.

"కొనలేం."

"చూశారా మరి! ఎంత మంచి పథకమో!"

మా బావ ఇంటికొచ్చి రెండు రోజులు ఆలోచించాడు. అందులో తప్పెక్కడుందో దొరకలేదు, అడ్వాన్సు కట్టేశాడు. అక్క పదిహేనేళ్లు మిషను తొక్కి దాచిన డబ్బది. బావ జీతానికి పూర్తి వడ్డీతో వాయిదా కట్టలేడని బ్యాంకు తేల్చేసింది. సబ్సిడీ వస్తేనే లోను, లోను వస్తేనే ఇల్లు. రాకపోతే ఇల్లూ లేదు, అడ్వాన్సూ లేదు. పాత ఓనరు ఖాళీ చెయ్యమనడంతో బిల్డరుని బతిమాలుకుని ముందే అందులో దిగారు కూడా.

ఇక్కడ నా తెలివి ఒకటి చెప్పాలి. దాచుకుని ఏం లాభం.

ఆ బిల్డింగులో ఇరవై నాలుగు ఫ్లాట్లకీ ప్లాస్టరింగ్ చేసింది నేనే. మొదటి అంతస్తులో మూడోది అక్కదని తెలిశాక నా ప్రాణం ఊరుకుంటుందా? అందరి గోడలకీ ముప్పావంగుళం మందం వేసి, అక్క గోడలకి మాత్రం అరంగుళమే వేశాను. సిమెంటు కాస్త ఎక్కువ కలిపి, సన్నగా, గట్టిగా. ప్రతి గోడ దగ్గరా పావంగుళం చోటు అక్కకి మిగులుతుంది కదా అని. తోడబుట్టినవాణ్ణి, ఇంకేం పెట్టగలను? గృహప్రవేశం రోజు ఆ మాట అక్క చెవిలో చెప్తే కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా.

నెల తిరక్కుండా కొలతల ఆఫీసరు వచ్చాడు. ముప్పై ఐదేళ్లుంటాయేమో, నెమ్మదైన మనిషి. చేతిలో ఇనప టేపు, జేబులో క్యాలిక్యులేటరు. మేం టేపు సారు అని పేరు పెట్టుకున్నాం. ప్రతి గదిలోనూ గోడ నుంచి ఎదురుగోడకి మూడు ఎత్తుల్లో కొలిచాడు. మడమ దగ్గర, నడుం దగ్గర, కంటి దగ్గర.

"మూడు చోట్లా ఒకటే రావాలి" అన్నాడు. "రాకపోతే అన్నిట్లోకీ తక్కువదే లెక్క."

మూడు చోట్లా ఒకటే వచ్చింది. రాకేం చేస్తుంది? "ఇంత నిటారు గోడ నా సర్వీసులో చూళ్లేదు మేస్త్రీ" అన్నాడు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అప్పుడు క్యాలిక్యులేటరు నొక్కి, "ఆరు వందల మూడు. మించింది" అన్నాడు.

"మూడే కదా సార్" అన్నాడు బావ. "ఆ మూడడుగులూ మేం వాడుకోం. అటువైపే వెళ్లం. కావాలంటే రాసిస్తాం."

"వాడకపోయినా ఉన్నట్టే."

"పోనీ ఓ పెద్ద బీరువా అడ్డం పెడితే?"

"కదిలేది సామాను కిందికి వస్తుంది. గోడకి బిగించింది ఏదైనా సరే గోడే. అదీ రూలు."

"మరి పక్క ఫ్లాట్లు ఎంత వచ్చాయి బాబూ?" అని అడిగింది అక్క.

"అన్నీ ఐదొందల తొంభై తొమ్మిది అమ్మా. అందరివీ పాసయ్యాయి. మీదొక్కటే ఇలా ఎందుకొచ్చిందో."

అక్క మెల్లిగా నావైపు తిరిగింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తున్నా.

"ఒరేయ్" అంది. "ఇదేనా నువ్వు నాకు పెట్టిన పావంగుళం?"

టేపు సారు మంచివాడు. పథకం గడువు ఇంకా రెండు నెలలుంది, ఈలోపు సరిచేసుకుంటే మళ్లీ వచ్చి కొలుస్తానన్నాడు. మర్నాడే తాపీ పట్టుకుని దిగాను. పాత ప్లాస్టరుకి గాట్లు పెట్టి, తడిపి, మళ్లీ సిమెంటు మాలు వేశాను. అరంగుళం కంటే పలచగా వేస్తే నిలవదని అరంగుళం వేశాను. నా టేపుతో కొలిస్తే ఐదొందల తొంభై ఐదు.

"అయిదడుగులు జాగ్రత్త చేశాను బావా" అన్నాను.

"ఇల్లు తగ్గినందుకు సంబరపడుతున్న మొగుడూ పెళ్లాలం మేమే అయ్యుంటాం" అన్నాడు బావ. అక్క మిషను బల్ల కిటికీకీ గోడకీ మధ్య సరిగ్గా పట్టేది, ఇప్పుడు పట్టట్లేదు. నేనూ బావా చెరోవైపూ పట్టి గుద్ది దూర్చాం. అది ఈ రోజుకీ మళ్లీ బయటికి రాలేదు.

టేపు సారు కోసం ఎదురుచూస్తుంటే, అతనికంటే ముందు కొత్త ఉత్తర్వు వచ్చింది. పేదవాళ్లకి అగ్గిపెట్టెలంత ఇళ్లు ఇస్తున్నారని పేపర్లలో గొడవైందట. అందుకని ప్రభుత్వం ఏమందంటే, ఆరు వందల అడుగులకి తగ్గినదాన్ని ఇక ఇల్లుగా లెక్కపెట్టం, అది గది. గదికి సబ్సిడీ లేదు.

ముగ్గురం బ్యాంకుకి పరిగెత్తాం. అక్కడ లోన్ల సీట్లో ఒకావిడ ఉంటుంది. ఎంత కోపంగా వెళ్లినా మంచినీళ్లిచ్చి కూర్చోబెడుతుంది.

"మేడం, పాత ఉత్తర్వు రద్దయినట్టేనా?" అని అడిగాను.

"ఎందుకు రద్దవుతుంది? రెండూ అమల్లోనే ఉన్నాయి."

"ఒకటి మించకూడదంటోంది."

"అవును."

"ఇంకోటి తగ్గకూడదంటోంది."

"అవునండీ."

బావ నీళ్ల గ్లాసు కింద పెట్టాడు. "అంటే ఏం చెయ్యమంటారమ్మా?"

"సరిపోవాలి" అందావిడ. "ఆరు వందలంటే ఆరు వందలు. దశాంశం తర్వాత రెండు సున్నాలు కూడా చూస్తారు. నెలాఖరు సాయంత్రం ఐదు లోపు కొలతల ఆఫీసరు సంతకం నాకు చేరాలి. ఆన్‌లైన్లో పెట్టినా సరే. ఐదు దాటితే సిస్టం మూసుకుపోతుంది, నేను తెరుద్దామన్నా తెరుచుకోదు."

ఇంక ఆ నెల మా బిల్డింగు సంగతి చెప్పమంటారా! పాసైపోయామని కాలు మీద కాలేసుకున్న ఇరవై మూడు కొంపలూ మళ్లీ ఫెయిలు. ఒక్కొక్కరికీ ఒక్క అడుగు కావాలి. ఎక్కడ చూసినా గోడలు గీకే చప్పుడే. మొగుళ్లు ఉద్యోగాలకి సెలవు పెట్టి గీకుతున్నారు, ఆడవాళ్లు ఫోన్లో మాట్లాడుతూ ఒక చేత్తో గీకుతున్నారు. అందరి జుట్టూ తెల్లబడిపోయి ఎవరు ముసలో ఎవరు పడుచో తెలీట్లేదు. హార్డ్‌వేరు కొట్టువాడు గోడ నున్నగా గీకే ఉప్పు కాగితం రేటు మూడింతలు చేశాడు. అదేంటయ్యా అంటే "మీకు సబ్సిడీ వస్తోందిగా" అన్నాడు. చూశారా, పథకం గుమ్మంలో అడుగు పెట్టకముందే రేటు లేచి కుర్చీ వేసుకు కూర్చుంటుంది!

అక్క ఇంట్లో నేనే గీకాను. ఐదొందల తొంభై ఐదు నుంచి పైకి ఎక్కాలి. మొదట ఉలి, తర్వాత చెక్క బద్ద, తర్వాత ఉప్పు కాగితం, చివరికి అక్క పాత గుడ్డ పీలికలు. తీరా దగ్గరికొచ్చాక కొత్త తలనొప్పి. పొద్దున్న కొలిస్తే ఆరు వందలా పాయింటు సున్నా రెండు. మధ్యాహ్నం కొలిస్తే ఐదొందల తొంభై తొమ్మిది పాయింటు తొంభై ఏడు. గోడ ముట్టుకోలేదు, ఎవరూ తుమ్మను కూడా తుమ్మలేదు.

"ఇనప టేపు కదా, ఎండకి సాగుతుంది" అన్నాడు టేపు సారు ఫోన్లో. "నాలుగు, నాలుగున్నర మధ్య నిలకడగా ఉంటుంది. అప్పుడొస్తాను."

నెలాఖరు రోజు నాలుగింటికి వచ్చాడు. మా బావ గోడకి ఆనకుండా నడింట్లో స్తంభంలా నిలబడ్డాడు. అంతకుముందు వారం తలనూనెతో గోడకి చేరగిలబడి మరక చేశాడని అక్క ఆయన్ని గోడల దగ్గరికి రానివ్వట్లేదు లెండి. టేపు సారు అన్ని గదులూ కొలిచాడు. మడమ, నడుం, కన్ను. క్యాలిక్యులేటరు నొక్కాడు. మళ్లీ నొక్కాడు. దాన్ని మావైపు తిప్పి చూపించాడు.

ఆరు, సున్నా, సున్నా, పాయింటు, సున్నా, సున్నా.

బావ నన్ను కావలించుకున్నాడు. "బామ్మర్దీ, నీ తాపీకి దణ్ణం పెట్టాలిరా!" అన్నాడు. టేపు సారు కూడా నవ్వుతూ ఫారం తీసి, కొలత రాసి, సంతకం చేసేముందు షరతు చదివి వినిపించాలన్నాడు.

"సబ్సిడీ నడిచినన్నాళ్లూ, అంటే ఇరవై ఏళ్లు, ఈ కొలత మారకూడదు. ఎప్పుడైనా వచ్చి చూస్తాం. గోడలకి ఏదీ బిగించకూడదు. మేకు కొట్టాలన్నా ముందు మా ఆఫీసులో అర్జీ పెట్టుకుని అనుమతి..."

అక్క అక్కణ్ణుంచి లోపలికి వెళ్లిపోయింది. టీ పెట్టడానికేమో అనుకున్నా. చేతిలో సుత్తి, సంకలో గడియారం, పళ్ల మధ్య మేకుతో బయటికొచ్చింది. మేం నోరు తెరిచేలోపు హాల్లో గోడకి ఠక్ ఠక్ ఠక్ మని మూడు దెబ్బలు వేసి గడియారం తగిలించేసింది. సరిగ్గా కంటి ఎత్తులో. నా ప్లాస్టరు కాబట్టి ఒక్క రవ్వ రాల్లేదు, అది వేరే సంగతి.

టేపు సారు పెన్ను గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా! ఏం చేశారు మీరు?"

"మేకు కొట్టాను."

"అడక్కుండానా?"

"ముప్పై ఒక్కేళ్లు అడిగాను నాయనా. ఇంక అడగను."

"అది గోడకి బిగించింది. గోడ కిందికే వస్తుంది. అక్కడ కంటి ఎత్తులో అంగుళంన్నర తగ్గిపోయింది. అన్నిట్లోకీ తక్కువదే లెక్క అని నేనే చెప్పాను. ఐదొందల తొంభైల్లోకి పోయిందమ్మా ఇల్లు! తీసెయ్యండి, నేను చూడనట్టే ఉంటాను."

"తియ్యను."

"సబ్సిడీ పోతుంది."

"పోనీ."

"పోనీ అంటావేంటే!" అన్నాడు బావ. "అడ్వాన్సు పోతుంది, ఇల్లు పోతుంది. ఇరవై ఏళ్లే కదా, కళ్లు మూసుకుంటే..."

"పదకొండు మంది ఓనర్లని చూశానండీ. ఈయన పన్నెండో ఓనరు. మేకు కొట్టుకునే దిక్కు లేనప్పుడు ఇంకో అద్దె కొంప చూసుకుంటే పోలా? అక్కడ కుళాయి పాడైతే కనీసం ఓనరు బాగుచేయిస్తాడు. ఇక్కడ అదీ మనమే చేయించుకోవాలి."

గడియారానికి అడ్డంగా చేతులు చాపి నిలబడింది. నేనైతే అక్కని అలా చూడ్డం అదే మొదటిసారి. ఓనరు మాట్లాడుతుంటే తల దించుకునే మనిషి. అందరం గడియారం వైపే చూస్తున్నాం.

బావ మెడ ఎడమవైపుకి వంచాడు. "ఐదూ నలభై!" అని కుర్చీలో కూలబడ్డాడు. "అయిపోయింది. సిస్టం మూసుకుపోయింది."

"బావా, అది పడుకున్నప్పటి లెక్క!" అని అరిచాను. "ఇప్పుడు నిలబడింది. గంటా ఐదు నిమిషాలు తీసెయ్. నాలుగూ ముప్పై ఐదే!"

ఇరవై ఐదు నిమిషాలు. అప్పుడు నా కళ్లు గడియారం మీంచి టేపు మీదికి, టేపు మీంచి ఎదురుగోడ మీదికి పోయాయి. మేస్త్రీ బుర్రకి ఇంకేం తోస్తుంది? ఇటు గోడ ముందుకొచ్చినంత, అటు గోడ వెనక్కి పోవాలి.

"సార్, మీరు కొలిచేది గోడ నుంచి ఎదురుగోడకి. అంతేనా?"

"అంతే."

"గడియారం అద్దం దగ్గర్నుంచి తిన్నగా అటు కొలిస్తే పాత కొలతే వచ్చిందనుకోండి?"

టేపు సారు గడియారాన్నీ ఎదురుగోడనీ మార్చి మార్చి చూశాడు. "వస్తే... ఇబ్బందేం లేదు. ఎక్కడ పెట్టినా టేపు ఒకటే చెప్పాలి. అంతే నా పని."

ఉలీ సుత్తీ తీశాను. బావ దారం పట్టుకున్నాడు, అక్క గడియారం నడిబొడ్డు మీద వేలు పెట్టింది. మట్టం చూసి ఎదురుగోడ మీద చుక్క పెట్టుకుని, గడియారమంత వలయం గీసుకుని మొదలుపెట్టాను. ముప్పావంగుళం దాకా నా ప్లాస్టరే. నేను వేసింది, నేను గీకింది, ఇప్పుడు నేనే చెక్కుతున్నా. రాయిలా ఉంది, నన్ను నేనే తిట్టుకున్నా. ఆ తర్వాత ఇటుక. వెనకాల గడియారం టిక్కుటిక్కుమంటోంది. బావ ఒక్కో నిమిషం చెప్తున్నాడు, చెప్పిన ప్రతిసారీ గంటా ఐదు నిమిషాలు ఎక్కువ చెప్పి, నాలిక్కరుచుకుని దిద్దుకుంటున్నాడు. టేపు సారు చొక్కా చేతులు మడిచి రాలిన ఇటుక పొడి చేట్లోకి ఎత్తుతున్నాడు. వద్దు సార్ అంటే వినడు. "కింద కుప్ప పడితే మడమ కొలత తప్పుతుంది" అన్నాడు.

నాలుగూ యాభై మూడుకి ఉలి కింద పెట్టాను. అక్క టేపు కొస తెచ్చి గడియారం అద్దానికి ఆనించింది. టేపు సారు రెండో కొస గుంట అడుక్కి తాకించి చూశాడు. పక్కకి జరిపి ఉత్తగోడకి చూశాడు. గడియారం పై అంచు, కింద అంచు, ఎడమ, కుడి. ఎక్కడ పెట్టినా అదే అంకె.

"ఆరు వందలే" అన్నాడు, తనలో తను చెప్పుకున్నట్టు.

ఫారంలో రిమార్కుల గడిలో ఏం రాయాలో తెలీక కాసేపు పెన్ను కొరికాడు. చివరికి "గడియారం ఒకటి. దానికి సరిపడా గుంట ఒకటి" అని రాసి సంతకం చేసి, ఫోన్లో ఫొటో తీసి పంపాడు. ఐదుకి రెండు నిమిషాలు తక్కువ. బ్యాంకు ఆవిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "చేరింది. గుంట దేనికి?"

మీలాగే అడిగింది. చెప్పానుగా, ఆ ఫొటో చూసినవాళ్లందరికీ అదే సందేహం.

టేపు సారు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అమ్మా, ఈసారి మేకు కొట్టేముందు ఒక్క ఫోను..." అన్నాడు. అక్క టీ గ్లాసులు తీసుకుంటూ "అలాగే నాయనా" అంది గానీ నంబరు అడగలేదు.

బిల్డింగంతా ఇప్పుడు అలాగే ఉంది. పైనంతస్తు టీచరమ్మ అద్దం తగిలించి, ఎదురుగా అద్దమంత గుంట పెట్టించుకుంది. పక్కింటాయన అల్మరా బిగించుకుంటే ఎదురుగోడలో గుంట దాదాపు అవతలి ఇంట్లోకి తేలింది, దాని గొడవ ఇంకా తెమల్లేదు. నాకైతే చేతినిండా పని. బావ మాత్రం టైం చూడ్డానికి ఇంకా మెడ వంచుతూనే ఉన్నాడు. డిపోకి గంట ముందే వెళ్లి ఖాళీ బస్సులో కూర్చుంటున్నాడట.

ఇది టైపు చేస్తుంటే ఇప్పుడే అక్క ఫోను.

"ఒరేయ్ తమ్ముడూ, రేపు పొద్దున్న ఉలి తీసుకుని రా. మన అమ్మానాన్నల ఫొటో పెద్దది చేయించాను. ఇప్పుడే కొట్టేశాను మేకు."

"ఫ్రేముతో ఎంత మందం అక్కా?"

"ముప్పావంగుళం."

"సరే. ఎదురుగోడ దగ్గర మంచం జరిపి ఉంచు."